కంచె దాటిన పొత్తు

మల్లయ్య పొత్తులు లెక్కపెడుతున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నాలుగేళ్లుగా ఇదే పని. రెడ్డిగూడెం మామిడితోటల నడుమ ఇనుపకంచె వేసిన అరెకరం చేను అది. జన్యువులు మార్చిన మొక్కజొన్న. ప్రతి పొత్తుకూ కాగితపు తొడుగు, తొడుగుకో నంబరు చీటీ. ఎలుకలకు, కోళ్లకు పెట్టి చూసి, మనిషి తింటే ఏమీ కాదని తేలేదాకా ఒక్క గింజ కంచె దాటకూడదు. పరీక్షకు పోగా మిగిలింది కాల్చి గోతిలో పూడ్చాలి. చేతికొచ్చిన పంటను బూడిద చెయ్యడమేమిటని మొదటి ఏడు మల్లయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అరవై రెండేళ్ల మనిషి. మామిడికాయలు కోసీ కోసీ సొన కారి ముంజేతులు మచ్చలు పడ్డాయి. ఎడమ బొటనవేలికి గోరు లేదు, చిన్నప్పుడే కొడవలి పట్టుకుపోయింది. అప్పట్లో అతని నాన్నకు ఇదే ఊళ్లో కౌలు చేను ఉండేది. పొత్తులు పాలు పోసుకునే రోజుల్లో గట్టు మీద మంట వేసి, దారిన పోయే ప్రతివాణ్ణీ కేకేసి, కాల్చిన పొత్తు చేతిలో పెట్టేవాడు. "చేలోకి వచ్చినవాణ్ణి ఉత్తచేతుల్తో పంపితే పంట అలుగుద్దిరా" అనేవాడు. ఆ పొగ వాసన తలుచుకుంటే మల్లయ్యకు ఇప్పటికీ నోరూరుతుంది, కళ్లు చెమరుస్తాయి. ఏం రోజులవి.

"తాతా."

పక్కతోట కాపలాదారు హరీష్ భార్య మౌనిక. ఏడో నెల. కంచె పట్టుకుని నిలబడింది.

"ఒక్క పొత్తు ఇవ్వవా తాతా? పొద్దుట్నుంచీ ప్రాణం లాగేస్తోంది. అడగటానికి సిగ్గేస్తోంది గానీ."

ఒట్టిమనిషి కాని పిల్ల నోరు తెరిచి అడిగింది. లేదనే నాలుక మల్లయ్య ఇంటావంటా లేదు. తల ఆలోచించేలోపే చెయ్యి తన పని చేసేసింది. తొడుగు ఊడదీసి, పొత్తు విరిచి, కంచె పైనుంచి అందించాడు. మౌనిక నవ్వి, కాల్చుకు తింటానని వెళ్లింది. ఆ నవ్వుకే అతని కడుపు నిండిపోయింది.

చేతిలో మిగిలిన చీటీ చూసుకునేసరికి చేసిన పని తెలిసొచ్చింది. గేటు తీసి పరుగెత్తాడు. మోకాళ్లు అరిగినవాడు, పరుగెత్తి పదేళ్లయింది. పాక ముందు మౌనిక పొయ్యి రాజేసి, పొత్తు మంటలో పెట్టబోతోంది. మల్లయ్య లాక్కున్నాడు.

"అదేంటి తాతా, ఇచ్చి లాక్కుంటావా?" ఆమె మొహం చిన్నబోయింది.

"ఇది తినేది కాదమ్మా. మంచిదో చెడ్డదో ఇంకా ఎవరికీ తెలీదు. నా బుద్ధి గడ్డి తిని ఇచ్చాను."

చూలాలి నోటికాడిది లాక్కున్నాడు. నాన్న ఉంటే ఏమనేవాడో అని దారి పొడుగునా కుమిలిపోయాడు.

మౌనిక తప్ప ఎవరూ చూడలేదు. గోతిలో పడేస్తే పోయేది. కానీ మధ్యాహ్నం సైంటిస్టు మురళీకృష్ణ రాగానే పొత్తూ చీటీ ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పేశాడు.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా మల్లయ్యా. ఇప్పుడు పైకి రాయాలి. నిన్ను ఉంచరు."

"రాయండి. రేపు ఇంకో పిల్ల అడుగుద్దండీ, మళ్లీ ఇచ్చేస్తాను. నా చెయ్యి ఆగదు. ఇక్కడ కాదనగలిగినవాడు ఉండాలండీ."

మురళీకృష్ణ రిజిస్టరు తెరిచాడు. మల్లయ్య గేటు తాళాలు బల్ల మీద పెట్టి, తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు. మైలవరంలో కూతురుంది, అక్కడికే పోవాలి. ముందు సెంటరుకు వెళ్లి పొత్తులమ్మే బండి దగ్గర నిలబడి, ఒక్కో పొత్తూ గోరుతో నొక్కి చూసి ఏరాడు. దగ్గరుండి కాల్పించాడు. వాటితో పాక దగ్గరికి వచ్చేసరికి మౌనిక నిద్రలో ఉంది. లేపడానికి మొహం చెల్లలేదు.

అతను ఎక్కిన ఆటో మలుపు తిరిగేటప్పటికి, పాక చూరుకు తగిలించిన గుడ్డసంచిలో ఆకుల్లో చుట్టిన నాలుగు పొత్తులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.