రెండో అల

తెర మీద గీత మొదట సన్నగా వణికింది. కాసేపటికి పెద్దగా ఎగిరిపడింది. పుంగనూరు శివార్లలోని భూకంప నమోదు కేంద్రంలో అటెండరు గంగులయ్య టీ గ్లాసు కింద పెట్టి, రెండింటి మధ్య ఎన్ని సెకన్లో చూసి ఎనిమిదితో హెచ్చవేశాడు.

“ఎనభై కిలోమీటర్లు వస్తాండాది మేడమ్.”

“సరే. మదనపల్లె, కుప్పం కేంద్రాల లెక్కలు కూడా రానీ, చోటు తేలుతుంది,” అంది అక్కడి అధికారి సుష్మ.

లెక్క నేర్పింది ఆమే. భూమిలో ముందొచ్చే అల తేలికది. వెనకొచ్చేది నిదానమే గానీ గోడలు కూల్చేది అదే. మధ్య ఎడం పెరిగేకొద్దీ భూకంపం అంత దూరం. ఈ ఒక్క ముక్క పట్టుకుని గంగులయ్య కనిపించినవాళ్ళకల్లా పాఠం చెబుతాడు. అతన్ని చూస్తే చుట్టాలు సందు మారుస్తారు.

మధ్యాహ్నం కుప్పం నుంచి మేనల్లుడు మురళి ఫోన్ చేశాడు.

“మామా, అమ్మకు రవ్వంత సీరియస్‌గా ఉండాది. ఒకతూరి వచ్చిపో.”

గంగులయ్య సంచి తీసుకుని బస్సుకు బయల్దేరాడు. ఇటువైపు చావు కబురు సూటిగా ఎవరూ చెప్పరు. ముందు సీరియస్ అంటారు, అసలు మాట తర్వాత వస్తుంది. తనూ ఎందరికో అలాగే చెప్పాడు. తల్లి పోయాక మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరి తనను సాకిన అక్క అంజమ్మ. రమ్మని పిలిచినప్పుడల్లా వచ్చే ఆదివారం అంటూ నెట్టుకొచ్చాడు.

పలమనేరు దాటాక బస్సులో ఫోన్ మోగింది. ఎవరో కూడా చూడకుండా సంచి అడుక్కి తోశాడు. ఎత్తితే అక్క పోతుంది. ఎత్తకపోతే కుప్పం దాకా బతికే ఉంటుంది. అది మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది.

ఇంటి ముందు నిప్పు రాజేసి ఉంది. మురళి ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“యాల ఎత్తలేదు మామా? చేసింది అమ్మ. నీ గొంతు ఇనాలని, యాపొద్దూ పక్కన పడేసే చెవి మిషన్ అడిగి పెట్టించుకునింది. బస్సు మోతలో వాడికి ఇనపళ్ళేదేమోలే అనింది. ఆపైన ఇంకొంచేపు పానంతో ఉన్నింది.”

గంగులయ్యకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. మధ్యాహ్నం ఫోన్‌లో మురళి ఉన్నమాటే చెప్పాడు. రెండు కబుర్ల మధ్య ఎడం ఉండింది, ఆ ఎడంలో అక్క బతికే ఉండింది. తనే చేజేతులా పోగొట్టుకున్నాడు.

ఆమెను వసారాలో పడుకోబెట్టారు. అతను లోపలికి వెళ్ళి ఖాళీ మంచం పక్కన కూలబడ్డాడు. దిండు మీద చెవి మిషన్ ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు, అది సన్నగా కూస్తూనే ఉంది.