సగం బానెట్

ఆ నల్ల కారు మళ్ళీ గేట్లోంచి లోపలికి రావడం చూసి అద్దమక్క చేతిలోని పాలిష్ మెషిన్ ఒక్క క్షణం పట్టు తప్పింది. మధ్యాహ్నం పన్నెండున్నర. షెడ్డు మీద రేకులు కాలిపోతున్నాయి. పొద్దున్న ఎనిమిదింటి నుంచి ఆమె చేతి కింద ఉన్నది మూడో బండి. మెషిన్ అదురుకు భుజం దాకా తిమ్మిరెక్కింది, ముక్కుకి కట్టుకున్న గుడ్డ పాలిష్ పొడితో తెల్లబడింది. ఇవాళ్టికి ఆ కారొక్కటే తక్కువైందనుకుంది ఆమె.

ఆమె అసలు పేరు ఆ షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. ఆమె చెయ్యి పడ్డ బానెట్‌లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని పక్క బండి దగ్గర పనిచేసే గొణుగుడు పెట్టిన పేరది. వాడికి గొణుగుడని పేరు పెట్టింది ఆమె. జీతం మొదలుకొని ఎండ దాకా దేని మీదైనా పొద్దస్తమానం గొణుగుతూనే ఉంటాడు, గట్టిగా మాత్రం ఒక్కనాడూ ఒక్క మాటా అనడు. రోజుకి ఆరొందలకి ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళు ఒకరికొకరు ఇలాంటి పేర్లు కాక ఇంకేం ఇచ్చుకోగలరు!

కారు వెనక సీట్లోంచి లాయరుగారు దిగారు. ముందు తలుపు తీసుకుని డ్రైవరు దిగాడు. యాభై అయిదేళ్ళ మనిషి, మడత నలగని తెల్లచొక్కా, ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. లాయరుగారు గొంతెత్తేసరికి షెడ్డు యజమాని ఏసీ గదిలోంచి పరుగున బయటికొచ్చాడు.

"పద్దెనిమిది వేలు పోసి పాలిష్ చేయించి మూడు వారాలు కాలేదండీ. ఈ మహానుభావుడు రోజూ తుడిచి తుడిచి ఏం నిర్వాకం చేశాడో చూడండి!"

ఎండలో బానెట్ నిండా సన్నటి గీతలు, సాలెగూడు పరిచినట్టు గుండ్రంగా అల్లుకుని ఉన్నాయి. అద్దమక్క మెషిన్ ఆపి అటు చూసింది. ఎడమ దీపం పైన కొడవలిలా వంగిన గీత ఒకటుంది. దాని పక్కనే పొట్టివి మూడు. ఆమెకి ఆ నాలుగూ చుట్టపక్కాల్లా తెలుసు. మూడు వారాల కిందట వాటి మీద వేలు పెట్టి, "ఇవి లోతుగా ఉన్నాయి, రెండు రోజులు పడుతుంది సార్" అని యజమానికి చెప్పింది తనే.

రెండు రోజులెందుకంటే, పాలిష్ అంటే నిజంగానే పని. ముందు కాంపౌండ్ అనే గరుకు ముద్ద, ఆ తర్వాత పాలిష్ పెట్టి, రంగు మీది పొరని వెంట్రుకవాసి అరగదీస్తూ, గీత అడుగు దాకా దిగాలి. తొందరపడితే పొర కాలిపోతుంది. యజమాని ఆ పనికే డబ్బు పుచ్చుకున్నాడు. పుచ్చుకుని, "రెండు రోజులా? బయట ఇంకో నాలుగు బళ్ళున్నాయి. గ్లేజ్ పట్టించి సాయంత్రానికి పంపెయ్" అన్నాడు. గ్లేజ్ గీతని తియ్యదు. అందులోని నూనె, జిగురు గీతల్లో కూరుకుని పైకి నున్నగా కనిపిస్తాయి, గోడ బీటకి సున్నం పూసినట్టు. నాలుగైదుసార్లు కడిగితే అంతా పోయి, పాత గీతలు పాత చోటే పళ్ళికిలిస్తాయి. కొత్తగా పాలిష్ చేసిన బండికి మెరుపు కోసం గ్లేజ్ పూస్తే ఎవరికీ నష్టం లేదు. పాలిష్ చెయ్యకుండా పూసి పాలిష్ అని చెప్పడమే దొంగతనం.

ఆ దొంగతనానికి ఈ షెడ్డులో పద్ధతులు కూడా ఉన్నాయి. బండిని ఎండలో అప్పగించకూడదు, లోపల పసుపురంగు దీపాల కిందే అప్పగించాలి. పదిహేను రోజులు నీళ్ళు తగలనివ్వొద్దని చెప్పాలి. ఎవరైనా తిరిగొస్తే, "ఎవరు తుడుస్తారండీ మీ బండి?" అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో తప్పు డ్రైవరు మీదికో వాచ్‌మన్ మీదికో దొర్లిపోతుంది. ఆపైన అడిగేవాడుండడు.

యజమాని ఇవాళా అదే అడిగాడు. జవాబు ముందే తెలిసినవాడిలా తలూపాడు. "ఎంత చెప్పినా వినరు సార్ వీళ్ళు. ఏదో మసిగుడ్డ పెట్టి రుద్దేస్తారు. నా మాట వద్దు, మా అద్దమక్కని అడగండి. తొమ్మిదేళ్ళ అనుభవం. ఏమ్మా, గుడ్డతో తుడిస్తే ఇలాంటి గీతలు పడతాయా లేదా?"

నలుగురూ ఆమె వైపు చూశారు. ఆమెకి ఒంటిగది ఇల్లు కళ్ళ ముందు మెదిలింది. మేడకి రంగులు వేస్తూ పరంజా మీంచి పడి, నాలుగేళ్ళుగా మోకాళ్ళు వంగని భర్త మెదిలాడు. సాయంత్రం వేడినీళ్ళలో ఆమె చేతులు పెట్టించి, "ఇవాళ ఎవరి మొహం మెరిపించావే?" అని నవ్విస్తాడాయన. ఆ ఇంట్లో నాలుగు వేళ్ళు నోట్లోకి వెళ్ళేది ఈ చేతుల మీదే.

"మురికిగుడ్డతో తుడిస్తే పడతాయి సార్" అంది అద్దమక్క.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఒక మనిషి అన్నం తీసెయ్యడానికి ఆ నిజం చాలు.

లాయరుగారు డ్రైవరు ముందు చెయ్యి చాపారు. "తాళం ఇలా తే. ఈ నెల జీతం దీని బాగుకే సరిపోదు. రేపట్నించి రానక్కర్లేదు."

"పదకొండేళ్ళండీ..." అని డ్రైవరు ఏదో అనబోయాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. రెండు చేతులతో తాళం ఆ చేతిలో పెట్టాడు. లాయరుగారు కాఫీ తాగడానికి ఏసీ గదిలోకి వెళ్ళారు. ఆయన వెనకే నడుస్తూ యజమాని అద్దమక్క దగ్గర ఆగి గొంతు తగ్గించాడు.

"గంటలో అయిపోవాలి. మళ్ళీ గ్లేజే పట్టించు. ఇంకో డ్రైవరొస్తాడు, వాడు మాత్రం తుడవడా ఏంటి!" నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

డ్రైవరు వెళ్ళలేదు. కుళాయి దగ్గర నీళ్ళు తాగి అక్కడే నిలబడ్డాడు. తిట్టడానికే వస్తున్నాడనుకుంది అద్దమక్క. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన దగ్గరికొచ్చి జేబులోంచి మడతపెట్టిన మెత్తటి గుడ్డ తీసి ఆమె ముందు పట్టుకున్నాడు.

"నువ్వు పని తెలిసినదానివమ్మా. ఇందులో తప్పేముందో కాస్త చూసి పెట్టు. నా భార్య పాత చీర ఇది. రోజూ నేనే ఉతికి, దుమ్ము పడకుండా ఇంట్లోనే విడిగా ఆరేసుకుంటాను. అయినా ఏదో ఇసకరేణువు ఉండే ఉంటుంది. ఈ మధ్య చూపు కూడా కాస్త మందగించింది. తప్పు నాదే అయ్యుంటుందిలే."

అద్దమక్క ఆ గుడ్డని వేళ్ళ మధ్య రాసి చూసింది. పసిపిల్ల బుగ్గ మీద పెట్టినా కందదు. పదకొండేళ్ళు ఆ బండిని కన్నబిడ్డలా తుడిచిన మనిషి, తన చెయ్యి పాపిష్టిదని తనే నమ్మేశాడు! ఆ నమ్మకాన్ని ఆయన నెత్తిన పెట్టింది ఇందాకటి తన ఒక్క మాట. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. యజమాని మీద, లాయరు మీద, అందరికంటే ఎక్కువగా తన మీద.

"మీరు ఇక్కడే ఉండండన్నా. ఎక్కడికీ వెళ్ళొద్దు" అంది.

గ్లేజ్ డబ్బా తెచ్చింది. యజమాని చెప్పినట్టే బానెట్ అంతా పట్టించింది. కాకపోతే బండిని లోపలికి పెట్టించలేదు, నడి ఎండలోనే పనిచేసింది. పావుగంటలో కొడవలి గీత, దాని పక్క మూడూ, సాలెగూళ్ళూ అన్నీ మాయమై నల్లరేకు నిగనిగలాడింది. ఆ తర్వాత షెడ్డులోకి వెళ్ళి, గోడకున్న మందుల డబ్బా తెరిచి స్పిరిట్ సీసా తీసింది.

ఆమెకి ఈ పని నేర్పింది నాన్న. ఆయన కార్లకి రంగులేసేవాడు. పని అయిందని ఆమె అంటే చాలు, "గుడ్డ మీద స్పిరిట్ వేసి తుడువు. ఎండలోకి తీసి చూడు. అప్పుడు చెప్పు అయిందో లేదో" అనేవాడు. స్పిరిట్ తగిలితే గ్లేజ్ నిలవదు, కింద ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది. అందుకే ఈ షెడ్డులో పనివాళ్ళ దగ్గర స్పిరిట్ ఉండకూడదని యజమాని రూలు పెట్టాడు. దెబ్బలకి పెట్టిన సీసా సంగతి ఆయనకి తట్టలేదు. పనివాళ్ళ దెబ్బలు ఎప్పుడు తట్టాయి గనక!

"సార్! ఒక్కసారి బయటికి రండి. బండి చూసుకోండి" అని పిలిచింది.

లాయరుగారు కాఫీ కప్పుతోనే వచ్చి బానెట్ చూసి కళ్ళు పెద్దవి చేశారు. "ఓహో! అప్పుడేనా? కొత్తబండిలా ఉంది!"

ఎండలో ఉన్న బండిని చూడగానే యజమాని ముఖం మాడిపోయింది. ఆయన నోరు తెరిచేలోగా అద్దమక్క గుడ్డ మీద స్పిరిట్ ఒంపి, బానెట్ ఎడమ సగాన్ని ఆ చివర్నించి ఈ చివరికి తుడిచేసింది. తడి ఆరుతుంటే ఒక్కొక్క గీతా లేచి వచ్చింది. చివరికి కొడవలి కూడా వచ్చి తన చోట తాను కూర్చుంది.

"ఈ గీతలు ఇప్పుడెవరు పెట్టారు సార్?" అంది లాయరుగారితో. "డ్రైవరన్న అదిగో, కుళాయి దగ్గరున్నాడు. బండి ముట్టుకోలేదు. ఇవి మూడు వారాల ముందు మీరు తెచ్చినప్పుడే ఉన్నాయి. పాలిష్ చెయ్యలేదు, గ్లేజ్ పూసి దాచాం. దాచింది నేనే." డ్రైవరు వైపు తిరిగింది. "అన్నా, ఇందాక నేనన్న మాట మీ గుడ్డ గురించి కాదు. ఆ గుడ్డలో ఏ తప్పూ లేదు. నా నోట్లో ఉంది తప్పు."

"ఏం రాశావే దాని మీద! యాసిడ్ పోసి బండి పాడుచేస్తుంది సార్ ఇది!" యజమాని కేకపెట్టాడు.

"యాసిడ్ కాదు" అని పక్క బండి దగ్గర్నుంచి వినిపించింది. గొణుగుడు కట్టుకట్టిన వేలు పైకెత్తి చూపిస్తున్నాడు. "పొద్దున్న నా వేలికి రాసుకున్నది అదే." ఇరవై అడుగుల దూరానికి వినపడేలా వాడు మాట్లాడడం అదే మొదలు. తన గొంతుకి తనే జడుసుకున్నట్టు మళ్ళీ మెషిన్ ఆన్ చేసుకున్నాడు.

లాయరుగారికి తెలివి తక్కువేం లేదు. బానెట్ రెండు సగాలూ చూసేసరికి అంతా అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "అంటే నా పద్దెనిమిది వేలు?" అని యజమాని మీద పడ్డారు. యజమాని చేతులు నలిపాడు, పొరపాటు జరిగిందన్నాడు. అసలైన పాలిష్ ఉచితంగా చేయిస్తానన్నాడు. సీట్లు కడిగిస్తానని పైన కలిపాడు. పెద్దమనుషుల కోపాలు ఎంతసేపు! లాయరుగారు మెత్తబడ్డారు. రెండు రోజుల్లో బండి ఇంటికి పంపాలని షరతు పెట్టారు.

డ్రైవరు ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆయన నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు, ఎవరైనా పిలుస్తారేమోనని.

"మరి ఆయన సంగతి?" అంది అద్దమక్క.

లాయరుగారు కప్పులోకి చూశారు. "ఇందాకే ఫోన్లో ఇంకొకణ్ణి మాట్లాడేశాను. అయినా నలుగురి ముందూ పొమ్మని, మళ్ళీ రమ్మంటే నా మాటకి విలువేముంటుందమ్మా? నెల జీతం ఇప్పించేస్తాలే."

మాటకి విలువట! అబద్ధమని తేలిన మాటకి ఉన్న విలువ పదకొండేళ్ళ చాకిరీకి లేకపోయింది.

"నీకు అనవసరం అవన్నీ. నీ సంగతి తర్వాత చెప్తా. ముందు మెషిన్ పట్టు" అన్నాడు యజమాని పళ్ళు కొరుకుతూ.

అద్దమక్క మెషిన్ అందుకుంది. ప్లగ్గు పీకేసింది. వైరు చుట్టలు చుట్టి మెషిన్‌ని కారు ముందు నేలమీద పెట్టింది. పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది.

"తాళం ఆయన చేతిలో పెట్టండి సార్. అప్పుడు పడుతుంది ఈ బండి మీద నా చెయ్యి. అప్పటిదాకా ఈ సగం ఇలాగే ఉంటుంది."

"నువ్వు కాకపోతే ఇంకొకడు చేస్తాడు!" యజమాని గొణుగుడి వైపు వేలు చూపించాడు. "ఒరేయ్, నువ్వు రా!"

గొణుగుడు రాలేదు. మెషిన్ మాత్రం ఆపాడు. లాయరుగారి వేలికి తాళాల గుత్తి వేలాడుతూ ఉంది.

ఎండలో బానెట్ సగం మెరుస్తోంది, సగం గీతలు తేలి ఉంది. ఎడమ అంచు నుంచి స్పిరిట్ చుక్క ఒకటి బంపరు మీదికి జారింది. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ డ్రైవరు చెయ్యి జేబులోకి వెళ్ళింది, గుడ్డ సగం బయటికొచ్చింది. ఆయన లాయరుగారి వేలికున్న తాళాన్ని చూశాడు. గుడ్డని జాగ్రత్తగా మడిచి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.