రాజమౌళి కొన్న చిన్న గిటారు

మూడు వేల పైచిలుకు పోగుల్లో సగం అతికేసరికి రాజమౌళి కుడి బొటనవేలు మొద్దుబారింది. పక్కన పెట్టుకున్న సుద్దముక్క మీద వేలు రుద్దుకొని మళ్ళీ మొదలుపెట్టాడు. పోగుల చుట్ట అయిపోయిన బీము నుంచి పాత పోగు ఒకటి, కొత్త బీము నుంచి మరొకటి, రెండూ కలిపి ఒక మెలి, ఒక నొక్కు. ముడి పడిందో లేదో చూడక్కర్లేదు, వేలికే తెలుస్తుంది. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన కొత్తలో నాలుగేళ్ళు సాంచా, అంటే మరమగ్గం, నడిపాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఆగిపోయిన సాంచా వెనక పీట వేసుకొని కూర్చోవడం, పోగులు అతకడం, సాంచా మళ్ళీ కదిలేసరికి లేచి ఇంకో సాంచా దగ్గరికి పోవడం.

మనిషి పొట్టి. కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్ళ ఎత్తున బిగుసుకుపోయి ఉంటుంది. కనుబొమల్లో కూడా తెల్లటి నూగు. యాభై ఎనిమిది దాటాయి.

చుట్టూ అరవై సాంచాలు ఆడుతున్నాయి. ఆ రొద ఒకప్పుడు చెవుల్లో ఉండేది. ఇప్పుడు పీటలోంచి, నేలలోంచి తుంటి ఎముకలకు వస్తుంది. మూడేళ్ళుగా సన్నటి శబ్దాలు ఒక్కొక్కటే పోతున్నాయి. మొదట ఫోను మోత, తర్వాత భార్య పద్మారాణి గాజులు, ఆ తర్వాత హార్మోనియం పై మెట్లు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. సేఠ్‌కు తెలిస్తే వయసైపోయిందని పక్కన పెడతాడు. భజన మండలిలో తెలిస్తే హార్మోనియం పెట్టె ముందు నుంచి లేపుతారు. అందుకని ఎదుటివాళ్ళ పెదవులు చూడటం నేర్చుకున్నాడు. అర్థం కానప్పుడు తల ఊపడం నేర్చుకున్నాడు. ఇద్దరు దూరంగా నిలబడి మాట్లాడుకుంటూ ఇటు చూశారంటే చాలు, అది తన గురించేనని లెక్క వేసుకునేవాడు.

ఆ సోమవారం ఉదయం కూడా మేస్త్రీ, ఇంకొకతను గోడ దగ్గర నవ్వుకుంటూ ఉంటే, నాలుగు పోగులు తప్పు జతకు ముడి వేశాడు. మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

సాంబయ్య పన్నెండింటికి వస్తానన్నాడు. అవతలి వీధి కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు సాంబయ్య. రాజమౌళికంటే ఆరేళ్ళు చిన్న. ఇద్దరివీ పర్వత్ పాటియాలో ఒకే గల్లీలో ఇళ్ళు. సోమవారం సాయంత్రాలు మార్కండేయ గుడి పక్క గదిలో భజన కూర్చుంటే సాంబయ్య పాడతాడు, రాజమౌళి హార్మోనియం వాయిస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే వరస. రెండు నెలల కిందట ఒక సోమవారం రాజమౌళి ఒక చరణం మొత్తం తప్పు మెట్టు మీదే ఉండిపోయాడు. మిగతావాళ్ళు పాడుతూనే ఉన్నారు. సాంబయ్య చెల్లెలి కొడుకు గోపాల్ మాత్రం తల దించుకున్నాడు. గోపాల్ టెంపో నడుపుతూనే ఈ మధ్య హార్మోనియం నేర్చుకుంటున్నాడు.

సరిగ్గా ఆ మరునాడే సాంబయ్య గిటారు మాట ఎత్తాడు.

పెట్టె పెట్టెలాగే ఉండనీ, దానికి తోడు ఇంకో వాద్యం కూడా చేతికి రానీ అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఎదురింటి హారతి కాలేజీలో చదివే పిల్ల. ఆ పిల్ల గిటారు అడిగి తెచ్చి ఆదివారం పూట రాజమౌళి ఒళ్ళో పెట్టాడు. అది పెద్దది. దాని పొట్ట మీదుగా చెయ్యి వేస్తే బిగిసిన భుజం చెవిదాకా లేచి పదినిమిషాల్లో తిమ్మిరెక్కింది. కానీ లావు తీగను మీటగానే ఏదో జరిగింది. చెక్క ఛాతీకి ఆని ఉంది. ఆ చెక్క లోపల పుట్టిన వణుకు పక్కటెముకల్లోకి దిగింది. చాలా కాలానికి ఒక స్వరం అతనికి తప్పిపోకుండా చేరింది. ఆ సంగతి ముఖంలో కనపడనివ్వలేదు. బాగా బరువుగా ఉందని మాత్రం అన్నాడు.

హారతి రోజూ కాసేపు కూర్చోబెట్టి, తీగల మీద వేళ్ళు నొక్కే మూడు పట్లు నేర్పింది. పొట్ట చిన్నగా ఉండే గిటార్లు కూడా ఉంటాయి, మీ భుజానికి అవే నయం అంది. కొనుక్కోవాలని రాజమౌళికి లోపల ఆశ పుట్టింది. ఆశ పక్కనే అనుమానమూ పుట్టింది. సాంబయ్యకు ఇంత పట్టుదల ఎందుకు? తను గిటారు పట్టుకుంటే హార్మోనియం ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే దాని ముందు కూర్చునేది ఎవరు?

పన్నెండున్నరకు ఇద్దరూ బస్సెక్కి భాగల్ దగ్గర దిగారు. దారిలో సాంబయ్య రెండుసార్లు ఛాతీ రుద్దుకొని, పొద్దున తిన్న ఫాఫ్డా అరగలేదన్నాడు. రాజమౌళి ఆ మాట పెదవుల మీద చదివాడు గానీ పట్టించుకోలేదు.

దుకాణం సన్నగా, లోతుగా ఉంది. రెండు గోడలకూ గిటార్లు వేలాడుతున్నాయి. కొట్టతను నలభై ఏళ్ళ గుజరాతీ మనిషి, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకున్నాడు. సాంబయ్యను చూడగానే నవ్వి లేచాడు. కొత్త గిరాకీని చూసి నవ్వే నవ్వు కాదది. రాజమౌళి గడప మీదే ఆగిపోయాడు.

వాళ్ళిద్దరూ తలలు దగ్గర పెట్టి ఏదో మాట్లాడుకున్నారు. గుజరాతీ మాటలు పెదవుల మీద సరిగా చిక్కవు. తర్వాత కొట్టతను ఏమీ అడగకుండానే లోపలి గోడ దాకా పోయి, మూలన ఉన్న చిన్న గిటారు దించి తెచ్చాడు. ముదురు గోధుమ రంగు. నడుము సన్నం. పక్కన గోరంత గీత పడి ఉంది.

రాజమౌళి దాన్ని ముట్టుకోలేదు. వేరేవి చూపించమన్నాడు.

కొట్టతను విసుక్కోకుండా వరసగా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లగా నిగనిగలాడేది ఒకటి. దాని మెడను కంటికి తిన్నగా పట్టి చూశాడు రాజమౌళి, పోగులు దూర్చే పన్నె వంకర పోయిందేమోనని చూసినట్టు. మెడ మధ్యలో లేచింది. ఇంకొకదానికి తీగలు మెడకు మరీ ఎత్తుగా ఉన్నాయి, నొక్కితే వేలు తెగేలా ఉంది. మూడోదానికి సగం ధర చీటీ అంటించి ఉంది. ఆ చీటీ కింద ఇంకో చీటీ ఉందేమోనని గోటితో గీకి చూశాడు. ఉంది. రెండింటి మీదా ఒకటే ధర. ఒకే పలక చెక్క అని చెప్పినదాని గుండ్రటి రంధ్రం అంచు వేలితో తడిమితే మూడు పొరలు తగిలాయి. అదేమిటని అడిగితే కొట్టతను నిజం ఒప్పుకున్నాడు. ఈ ధరలో పైపలక ఒక్కటే అసలు చెక్క దొరుకుతుంది, వెనకా పక్కలా అతుకు పలకే, అది కూడా అన్నిటికీ ఉండదు అన్నాడు. మొదట తెచ్చిన చిన్నదానికి ఉందన్నాడు.

మళ్ళీ అదే. రాజమౌళి సాంబయ్య వైపు చూశాడు. సాంబయ్య తలుపు దగ్గర స్టూలు మీద కూర్చొని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, బడిలో పిల్లాడి ఫలితం కోసం వచ్చిన తండ్రిలా చూస్తున్నాడు.

చివరికి రాజమౌళి ఆ చిన్నదాన్ని తీసుకున్నాడు. లోపం పట్టుకొని పక్కన పెట్టేద్దామనే తీసుకున్నాడు. రంధ్రంలోకి ఫోను లైటు వేసి జిగురు కారిందేమో చూశాడు. తీగలు బిగించే చెవులు తిప్పి చూశాడు. పక్కనున్న గీత పొడవు కొలిచాడు. ఇక చూడ్డానికేమీ మిగలక ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడి చెయ్యి దాని మీదుగా వాలింది. భుజం లేవలేదు. తీగ మీటాడు.

వణుకు ఛాతీ మధ్యకు వచ్చింది. పెద్ద గిటారు దాన్ని ఛాతీ అంతటా గజిబిజిగా పరిచింది. ఇది మాత్రం ముడి పడ్డ పోగు వేలికి తగిలినట్టు ఒక్కచోట, స్పష్టంగా తగిలింది. ఆరు తీగలూ ఆరు వేరు వేరు చోట్ల. సన్నతీగ కూడా చేరింది. మూడేళ్ళుగా చేరనిది. అతను రెండోసారి మీటాడు. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి సాంబయ్య, కొట్టతను ఒకరినొకరు చూసుకొని నవ్వుతున్నారు.

రాజమౌళికి ఒళ్ళు మండింది. నలుగురి ముందు గుడ్డలు విప్పి నిలబెట్టినట్టు అనిపించింది. గిటారు బల్ల మీద పెట్టి లేచి, సాంబయ్య దగ్గరికి పోయి, తగ్గించాననుకున్న గొంతుతో కొట్టంతా వినపడేలా అడిగాడు.

"ఇందుల నీకెంత ముడ్తది సాంబా?"

సాంబయ్య నవ్వు కాసేపు అట్లాగే ఉండి, తర్వాత పోయింది. రాజమౌళి ముఖానికి ఎదురుగా తిరిగి, పెదవులు నిదానంగా కదిలిస్తూ చెప్పాడు.

"నచ్చితె తీస్కో అన్నా. నచ్చకుంటె ఇడ్సిపెట్టు. నాకేం లేదు."

తర్వాత బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

రాజమౌళి వదిలేసి పోదామనుకున్నాడు. పోలేకపోయాడు. నాలుగు వేల ఐదు వందలు కొట్టతని చేతిలో పెట్టి గిటారు సంచీ తీసుకున్నాడు. కొట్టతను ఏదో చెప్పాడు, మీ తమ్ముడు మూడుసార్లు వచ్చాడు అన్నంత వరకు అర్థమైంది. మూడుసార్లా! బేరం ఖాయం చేసుకోవడానికి ఒక్కసారి చాలలేదన్నమాట. తనను సాంబయ్య మోసం చేశాడనీ, ఆ మోసంలో తనకు దొరికిన వస్తువు మాత్రం నిఖార్సైనదనీ రెండూ ఒకేసారి నమ్మవలసి రావడం అతనికి మింగుడు పడలేదు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరి మధ్యా గిటారు నిలబడి ఉంది. బస్సు కుదుపుకు లోపలి తీగలు కదిలినప్పుడల్లా రాజమౌళి మోకాలికి తెలుస్తూనే ఉంది. పర్వత్ పాటియాలో దిగి గల్లీ మొదట్లోకి వచ్చాక సాంబయ్య ఆగాడు. మొహం చెమటతో తడిసి ఉంది. ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడంతో పెదవుల మీద నీడ పడింది. ఆ నీడలోనే ఏదో అన్నాడు. నాలుగైదు మాటలుంటాయి.

ఏమన్నావని అడిగితే చెవులు పోయిన సంగతి బయటపడుతుంది. రాజమౌళి తల ఊపాడు. సాంబయ్య కూడా ఊపి, ఇంటి వైపు తిరిగాడు.

ఇంట్లో పద్మారాణి సంచీ విప్పి చూసి ముచ్చటపడింది. సాంబన్న ఏడని సైగ చేసింది. అలిసిండు, ఇంటికి పోయిండు అన్నాడు రాజమౌళి. అన్నం తిని ఒక్కడూ గిటారు పట్టుకొని కూర్చున్నాడు. పట్లు తప్పుతున్నాయి గాని తప్పుతున్నట్టు ఛాతీకి తెలుస్తోంది, అదే చాలు. సాయంత్రం దాకా వదల్లేదు. మధ్యలో ఒకసారి, కొట్లో అంత మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు. భజనలో పక్కన కూర్చున్నప్పుడు ఏదో ఒకటి అని సర్దుకోవచ్చు. ఇరవై ఏళ్ళలో ఇట్లాంటివి ఎన్ని సర్దుకోలేదు?

ఆరున్నరకు గుడి పక్క గదిలోకి గిటారుతోనే వెళ్ళాడు. పది మంది దాకా వచ్చారు. సాంబయ్య ఇంకా రాలేదు. హార్మోనియం గుడ్డ కప్పే ఉంది. అలిగాడు కాబోలు అనుకుని రాజమౌళి గోడకు ఆనుకొని తీగలు సవరించసాగాడు. తలెత్తేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. అందరి మొహాలూ అతని వైపే ఉన్నాయి. గిటారును చూసి ఏమన్నా అంటారేమోనని గుండెలకు దగ్గరగా పట్టుకున్నాడు.

గోపాల్ తలుపు దగ్గర్నుంచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఎదురుగా కాదు, పక్కన. భుజం మీద చెయ్యి వేసి, చెవికి నోరు ఆనించి, గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"మామ పోయిండు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి పన్నడంట. భజనకని లేపితె లేవలే."

రాజమౌళికి ముందుగా తట్టింది ఆ చావు కాదు. గోపాల్‌కు తన చెవుల సంగతి తెలుసన్నది. ఆ తర్వాత రెండోది వచ్చింది. ఇద్దరు పట్టుకొని లేపారు.

సాంబయ్యను ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఎవరో గడ్డం కింద గుడ్డ కట్టారు. మొహం మీద చెమట లేదు. రాజమౌళి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆడవాళ్ళ ఏడుపు నోళ్ళు కదలడంగా మాత్రమే కనిపించింది. చాలాసేపటికి సాంబయ్య భార్య లలితమ్మ జరిగి జరిగి అతని దగ్గరికి వచ్చింది. సాంబయ్య మాట్లాడినట్టే నిదానంగా, అతని మొహానికి ఎదురుగా మాట్లాడింది.

ఏం చెప్పిండన్నా గల్లీల, అని అడిగింది. నీతోటి ఏదో చెప్పిన అనుకుంట ఇంట్లకొచ్చి సంబరపడ్డడు అంది.

రాజమౌళి తల ఊపబోయి ఆగాడు. తల అడ్డంగా తిప్పాడు.

"నాకు ఇనపడలేదమ్మా" అన్నాడు. మూడేళ్ళలో మొదటిసారి.

తెలుసన్నట్టు చూసింది ఆమె. రెండు నెలలుగా సాంబయ్య ఇంట్లో పిలిస్తే పలికేవాడు కాదని, అలిగాడేమోనని తను కూడా అలిగి రెండు పూటలు అన్నం పెట్టలేదని చెప్పింది. చివరికి చెవుల్లో ఏదో ఉందని చూసి తీయమంటే తీయలేదట. ఆ కొట్టుకు కూడా మూడుసార్లూ అట్లాగే పోయి, కొట్టంతా నవ్వుతున్నా ఒక్కొక్క గిటారూ ఛాతీకి ఆనించుకొని మీటించుకున్నాడట.

"మౌళన్నకు ఎట్ల ఇనొస్తదో సూస్తున్న అన్నడు" అంది లలితమ్మ.

ఆమె చెయ్యి ఎత్తి కిటికీ వైపు చూపించింది. గూట్లో, దువ్వెన పక్కన, కార్ఖానా వేస్టు దారంతో గట్టిగా చుట్టిన రెండు తెల్లటి ఉండలు ఉన్నాయి. చాలాసార్లు వాడటంతో నలిగి, మొనల దగ్గర పసుపుపచ్చగా మారి, చెవి లోపలి వంపు ఎట్లా ఉంటుందో అట్లాగే వంగి ఉన్నాయి.