పిలవని స్లావా

మిలిత్సా పిలవలేదు. శనివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటి ముందు తొమ్మిదో కారు ఆగేసరికి ఆ సంగతి ఇక దాచుకోవడానికి వీల్లేకపోయింది.

అమెరికాలోని నోవై ఊళ్ళో రాధారాణికి నా అనే మనిషి ఎవరైనా ఉంటే ఈ పక్కింటి సెర్బియా ఆవిడే. కొత్త కారు మీద భార్య చెయ్యి పడనివ్వడు వేణుమాధవ్. మూడు నెలలుగా మిలిత్సాయే తన పాత కారులో ఆమెకి డ్రైవింగ్ నేర్పుతోంది. మంగళవారం రోడ్ టెస్టు, ఆ కారులోనే. ఈ స్నేహం చెడిందంటే రాధారాణికి ఇంకో చలికాలం కిటికీయే గతి.

"గిన్నె అడిగింది, మనల్ని అడగలేదు" అన్నారు మామగారు రాజగోపాల్, కర్టెన్ సందులోంచి కార్లు లెక్కపెడుతూ. ఆయన తెనాలిలో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. సొంత బావమరిది గృహప్రవేశం కార్డు పోస్టులో వచ్చిందని, మనిషి రాలేదని వెళ్ళడం మానేసి, పదిహేనేళ్ళుగా ఆ ముచ్చట గర్వంగా చెప్పుకుంటున్నారు.

గిన్నె మాట నిజమే. వారంనుంచీ స్లావా గురించి చెబుతూనే ఉంది మిలిత్సా. అది వాళ్ళ ఇలవేల్పు పండగ. ఇంటికో సెయింటు, తండ్రినుంచి కొడుక్కి, మన గోత్రంలాగే. వీళ్ళింటి సెయింటు నికోలస్. డిసెంబరు పంతొమ్మిది, ఈ శనివారమే అని మూడుసార్లు చెప్పింది. ఉపవాసాల రోజులు కాబట్టి మాంసం, పాలు, గుడ్లు ముట్టరట. చేప మాత్రం ఉంటుంది. పాపం, దాన్ని కాయగూరల్లో కలిపేసుకున్నారు. రాధారాణి దగ్గర్నుంచి పెద్ద గిన్నె కూడా అడిగి పట్టుకెళ్ళింది. అన్నీ అయ్యాయి, రమ్మన్న ముక్క ఒక్కటే ఆవిడ నోట రాలేదు.

"ఈవైట్ ఇన్విటేషన్ స్పామ్‌లో పడిందేమో చెక్ చేశావా?" అన్నాడు వేణుమాధవ్.

"ఆవిడకి ఈమెయిలే లేదు."

"అయితే హెడ్‌కౌంట్ ప్రాబ్లం అయ్యుంటుంది."

పదిహేనో కారుకి రాధారాణి లేచి కోటు తొడుక్కుంది.

"ఎక్కడికమ్మా?"

"గిన్నె తెచ్చుకుంటాను మామయ్యగారూ. పులిహోర కలపాలి."

"పిలవని పేరంటానికి ఇదో వంకా?"

"పేరంటం వాళ్ళదైనా గిన్నె మనదే కదండీ."

తలుపు తీసి ఉంది. మిలిత్సా ఎదురొచ్చింది గానీ మొహంలో నవ్వు లేదు.

"ఇదా రావడం? పొద్దున్నుంచీ నీ కుర్చీ ఖాళీ."

"మీరు పిలవలేదు కదా" అంది రాధారాణి.

"స్లావాకి పిలవడమా? పెళ్ళికి పిలుస్తారు, పుట్టినరోజుకి పిలుస్తారు. స్లావాకి తలుపు తీసి ఉంచుతాం, మనవాళ్ళు వస్తారు. పిలిచానంటే నువ్వు పరాయిదానివని నా నోటితో నేనే అన్నట్టు. మీ ముసలాయన కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే, నా గుమ్మం తొక్కడం మీకు ఇష్టంలేదనుకున్నాను. ఇక మంగళవారం సంగతేమిటా అనుకున్నాను."

రాధారాణి వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"మామయ్యగారూ, మీరూ రండి."

"ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ అనరు. ఇక్కడ అనకూడదట."

"ఇంటావిడని ఒక్క మాట అనమను, వస్తాను."

రాధారాణి ఫోన్ చేత్తో మూసి ఆ మాట చేరవేసింది. మిలిత్సా చేతులు కట్టుకుంది. "మా అమ్మ అనలేదు. మా అమ్మమ్మ అనలేదు. నేనూ అనను."

"అననంటున్నారండీ."

"అయితే నేనూ రాను."

పిలిస్తే తప్ప కదలనివారొకరు, పిలిస్తే పరువు పోతుందనేవారు ఇంకొకరు. మధ్యన ఇరవై అడుగుల మంచు. వెయ్యేళ్ళ మర్యాదలు రెండు కొమ్ములు కలిపి నిలబడితే నలిగేది తన లైసెన్సేనని రాధారాణికి అర్థమైంది.

"సరేనండీ, రావద్దు. కాకపోతే ఈ గిన్నె నేనొక్కదాన్నీ మొయ్యలేను. నిండా చిక్కుడుగింజల కూర పెట్టారు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి వేశారు."

అయిదు నిమిషాల్లో మంకీక్యాప్‌తో రాజగోపాల్ గుమ్మంలో ఉన్నారు, గిన్నె మొయ్యడానికి. ఆయన జారిపడకుండా పట్టుకోవడానికి వెనకాల వేణుమాధవ్.

మిలిత్సా రమ్మని అనకుండానే ఉడికించి రుబ్బిన గోధుమల పళ్ళెం ముందు పెట్టింది. పంచదార, అక్రోట్లు కలిపిన ఆ ప్రసాదం తలా ఒక చెంచా తినాలి. శుభ్రమైన చెంచాలు ఒక గ్లాసులో ఉన్నాయి. తిన్నవి వెయ్యడానికి నీళ్ళున్న గ్లాసు వేరే ఉంది.

"ఎంగిలి తెలుసమ్మాయ్ వీళ్ళకి!" అని రాజగోపాల్ మెచ్చుకుని కుర్చీలో కూలబడ్డారు. ఆ తర్వాత చిక్కుడుగింజలు మూడుసార్లు వడ్డించుకున్నారు.

లేచేటప్పుడు మాత్రం కొడుకు చెవిలో అన్నారు. "అంతా బాగానే ఉందిరా. మర్యాదే తెలీదు. ఒక్క పిలుపుకి ఏం పోయింది?"

రాధారాణి గుమ్మంలో ఆగింది. "మంగళవారం..."

"ఎనిమిదింటికి కారులో ఉంటాను" అంది మిలిత్సా. "దానికీ కార్డు పంపాలా?"