మంచుకొండ ముందు కిష్టవ్వ

స్విస్ చిత్రకారుల కొండలను చూసి గీయడం కరుణకు తేలిగ్గానే పట్టుబడింది. మనుషుల దగ్గరే చెయ్యి ఆగిపోయేది. ఆ చిత్రాల్లో కొండ ఎంత ఎత్తున్నా, దాని ముందు గడ్డిమోపుతో వంగిన ఆడమనిషి ఏమాత్రం చిన్నబోదు. అలాంటి మనిషి కోసం, విజిట్ వీసా మీద వచ్చిన అత్తగారు కిష్టవ్వను బతిమాలింది. గల్ఫ్‌లో, కరామాలోని తమ ఇరుకు బాల్కనీలో, దుప్పట్ల మూట వీపున వేసుకుని ఆమె రోజూ నిలబడేది.

"మంచుల నిలవెడ్తున్నవ్, నాకు సలి వెట్టదా బిడ్డా?" అని నవ్వేది.

బొమ్మ కుదిరింది. పగిలిన మడమలు, చేతుల మీది పచ్చబొట్లు అన్నీ వచ్చాయి. నడుము వంపు వెనకనున్న కొండవాలుతో కలిసిపోయింది. తెలుగు సంఘం ప్రదర్శనకు కిష్టవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, మంచినీళ్ల కోసం వెళ్లింది.

అప్పుడొచ్చింది మంజుల, సంఘం కార్యదర్శి భార్య.

"అబ్బ, ఆ కాళ్లేంటండీ బాబూ! ఎక్కడ పట్టారీ మనిషిని? మీ పనిమనిషా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఆఁ" అంది కరుణ.

అనాలని అనుకోలేదు. దిద్దుకోవడానికి ఒక్క క్షణం దొరికింది. అదీ పోనిచ్చింది.

తిరిగొచ్చిన కిష్టవ్వను మంజుల ఇట్టే పోల్చుకుంది. "నువ్వే కదూ! వీళ్లింట్లో ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావ్?"

కిష్టవ్వ కోడలి వైపు చూసింది. కరుణ వంకరగా లేని పటాన్ని సర్దుతోంది.

"ఆమె పెండ్లై వచ్చిన కాడ్నుంచి చేస్తున్నమ్మా."

"నమ్మకస్తురాలన్నమాట! కాస్త ఆ టీ కప్పులు తీసేద్దూ."

కిష్టవ్వ కొంగు నడుముకు దోపి, కప్పులు ఒక్కొక్కటే ట్రేలో పెట్టసాగింది. అడుగున మిగిలిన టీని ఒకదాన్లోకి వంపుతోంది, ఇంట్లో చేసినట్టే. కరుణ గబగబా వెళ్లి ట్రే పట్టుకుంది.

"అత్తమ్మా, ఇటియ్యి."

మాట హాలంతా వినబడింది. మంజుల చెయ్యి నోటి మీదికి పోయింది.

కిష్టవ్వ ట్రే వదల్లేదు. గొంతు తగ్గించి, "ఇప్పుడెందుకే? పాపం, ఆమె మొఖం సూడు, ఎట్లయిందో. ఖలాస్, ఇడిశిపెట్టు" అంది.

కప్పులతో వంటగది వైపు నడిచింది. కరుణ ఉత్త చేతులతో ఆమె వెనకే వెళ్లింది.