వయా నాగదుర్గ

"దుర్గా, మధ్యాహ్నం చెరువు మీదికి కరెంటోళ్ళు వస్తున్నారు. ఆయన్ని అక్కడ ఉండమను," అన్నారు మా ఆయన మురళీకృష్ణ, పెసరట్టు తుంచుకుంటూ.

ఆయన అంటే మా మావయ్యగారు, భీమరాజు గారు. అదే బల్లకి అటు చివర కూర్చుని అల్లం పచ్చడి వేసుకుంటున్నారు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక మంచినీళ్ళ జగ్గు మాత్రమే.

నేను పెనం మీద అట్టు తీసి, "మావయ్యగారూ, కరెంటువాళ్ళు వస్తారటండి. మీరొకసారి చెరువు దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందంటున్నారు," అన్నాను.

"బంగారంలాంటి వరిచేలో ఉప్పునీళ్ళు పెట్టాడు కదా, ఆ మొనగాణ్ణే కాపలా కాసుకోమను."

"ఎండ తగ్గితే చూస్తానంటున్నారండి," అన్నాను మా ఆయనతో.

చేను రొయ్యల చెరువు అయిన ఏడాది తెగిపోయిన మాట అది. అప్పట్నుంచి ఆ ఇంట్లో తండ్రి మాట కొడుక్కీ, కొడుకు మాట తండ్రికీ నా మీదుగానే వెళ్ళాలి. మాటని ఉన్నదున్నట్టు ఇవ్వను. ముల్లు తీసి, అంచులు అరగదీసి, చివర ఒక 'అండి' తగిలించి ఇస్తాను. పని జరిగితే వాళ్ళిద్దరి గొప్ప. జరక్కపోతే "నువ్వు సరిగ్గా చెప్పి ఉండవు" అని ఇద్దరూ నన్నే అంటారు. ఆ ఒక్క విషయంలో మాత్రం తండ్రీకొడుకులది ఒకే మాట. మా అత్తయ్య అచ్చాయమ్మ గారు వచ్చినవాళ్ళందరితోనూ "మా నాగదుర్గ ఉండబట్టి ఇల్లు ఇల్లులా ఉందండి" అంటారు. చాలాకాలం నేనూ దాన్ని మెచ్చుకోలనే అనుకున్నాను.

గిన్నెలు సర్ది, యూనిఫాం వేసుకుని ఆఫీసుకి వెళ్తే అక్కడా మాటల పనే. పోలీసు వైర్‌లెస్ విభాగంలో ఎస్.ఐ.ని. ఆ వేసవిలో మా డి.ఎస్.పి. పల్లంరాజు గారు నాకు కొత్త పని అప్పగించారు. తుపాను వచ్చినా గోదావరి పొంగినా కలిసి పనిచేయాల్సిన శాఖలు, అంటే పోలీసు, అగ్నిమాపక, తీర గస్తీ, ఒకరి సెట్లో ఒకరు మాట్లాడుకోగలరా లేదా? జిల్లా అంతా తిరిగి చూసి మ్యాపు గీయాలి. శాఖల మధ్య మాట కలవడం లేదని తేలితే, అందరినీ కలిపే ఉమ్మడి ఛానెల్ రాష్ట్రం నుంచి మంజూరవుతుంది. బాగానే ఉందని తేలితే ఏమీ రాదు. "ఓపికైన పనమ్మా, ఆడవాళ్ళే చెయ్యాలి," అన్నారాయన. అప్పటికే ఇద్దరు మగ ఎస్.ఐ.లు వద్దనేసిన పని అది.

కానిస్టేబుల్ దీవెనని వెంటేసుకుని తిరిగాను. పోలీసు సెట్లు కొత్తవి. అగ్నిమాపక వాళ్ళవి పాత రకం, అవీ ఇవీ కలవవు. తీర గస్తీ వాళ్ళది పడవల మీద వాడే వేరే ఛానెల్. వీళ్ళలో ఎవరు అరిచినా మిగతా ఇద్దరికీ వినపడదు. ఒక ఫైర్ స్టేషన్‌కి మాత్రం, అత్యవసరానికి పనికొస్తుందని, మా వాళ్ళు ఎప్పుడో ఒక పోలీసు సెట్టు ఇచ్చారు. చూపించమన్నాను. బీరువా తెరిచారు. సెట్టుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎండిన బంతిపూల దండ చుట్టి ఉంది. దసరాకి ఆయుధపూజలో పెట్టి, పోతే జీతంలో కోస్తారన్న భయంతో మళ్ళీ బీరువాలోనే పెట్టి తాళం వేశారు. ఒక్కసారీ ఛార్జింగ్ పెట్టలేదు.

"పూజ మాత్రం ఏటా తప్పలేదు మేడం," అన్నారు స్టేషన్ ఆఫీసరు లాజరు గారు నవ్వుతూ. "మా ఇంట్లో క్రీస్తే అయినా, డ్యూటీలో ఆయుధపూజే."

దీవెన జీపెక్కాక అంది, "అక్కా, దండేసి పక్కన పెట్టడం అంటే మా అత్తగారింట్లో నాకు చేసినట్టుంది." ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

మొదటి మాక్ డ్రిల్ ఉప్పాడ ఒడ్డున పెట్టారు. పడవ బోల్తా పడిందని, బీచ్ రోడ్డు కోసుకుపోయిందని ఊహ. నన్ను కంట్రోల్ వ్యానులో కూర్చోబెట్టి ముందు మూడు సెట్లు పెట్టారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వెళ్ళడానికి చోటేదీ లేదని తెలిసి పొద్దుటి నుంచీ నీళ్ళు ముట్టలేదు. ఒక చెవిన లాజరు గారు, "పోలీసోళ్ళు రోడ్డియ్యకపోతే మేమేం ఎగిరి రావాలా?" అంటున్నారు. నేను రెండో సెట్టు ఎత్తి, "దయచేసి రోడ్డు ఖాళీ చేయించండి సర్, ఓవర్," అంటున్నాను. అట్నుంచి సి.ఐ. గారు, "ముందు వాళ్ళ బండి కదిలిందో లేదో కనుక్కో." నేను, "లాజరు గారూ, బయల్దేరారాండి?" ఆ మాట నా నోట్లోంచి వచ్చిన తీరు నాకే వినపడి చెయ్యి ఆగింది. పొద్దున్న పెనం దగ్గర వాడిన గొంతే అది. అదే మెత్తదనం, అదే 'అండి'. ప్రభుత్వం నాకిచ్చిన ట్రైనింగు ఏమో గానీ, ఈ పనికి కావలసిందంతా మా ఇంటి భోజనాల బల్ల దగ్గర నేర్చుకున్నదే.

వ్యాను తలుపు దగ్గర చేపల గంపతో ఒకావిడ నిలబడింది. నూకరత్నమట. "మా ఆయన ఏటకెళ్ళాడమ్మా. నిజంగా గాలొస్తే ఈళ్ళ మాటలు ఒకళ్ళవొకళ్ళకి ఇనపడతాయా?"

"వినపడతాయి," అన్నాను. అలవాటుగా వచ్చేసిన మాట.

డ్రిల్ ఘనంగా అయిందన్నారు. నేను మ్యాపు గీసి పట్టుకెళ్ళాను. మూడు శాఖల నుంచీ గీతలు వచ్చి మధ్యలో ఒక్క చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్క లేకపోతే ఏ గీతా ఏ గీతనీ తాకదు.

"ఈ చుక్క ఏంటమ్మా?" అన్నారు పల్లంరాజు గారు.

"నేనండి. ఆ రోజు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. అందరూ నాతో మాట్లాడారు."

"మాట చేరిందా లేదా?"

"చేరిందండి. నేను సెలవులో ఉన్న రోజు చేరదు."

"నువ్వెందుకు సెలవు పెడతావమ్మా? నువ్వుండబట్టే కదా ఇంత సాఫీగా అయింది." పెన్సిలు అందించారు. "ఆ చుక్క చెరిపేసి గీతలు నేరుగా కలిపెయ్. చూడ్డానికి బాగుంటుంది. సమన్వయం సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టు. వచ్చేవారం రాష్ట్ర బృందం వస్తోంది."

"బృందం ముందు డ్రిల్ అయ్యాక పెడతానండి," అన్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "సంతకమేగా, పెట్టెయ్. నువ్వు పంతానికి పోతే ఏ తుని అవతలకో బదిలీ చేస్తారు. అప్పుడిక్కడ ఆయన మందులు, చెరువు సంగతులు, ఎవరు మాట్లాడతారు ఆయనతో?" నేను లేకపోతే ఏమవుతుందన్న ఆలోచన ఆయనకీ వచ్చింది. ఎక్కడెక్కడ మాట తెగుతుందో ఆయన బుర్రలోనూ ఒక మ్యాపు ఉంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా విలువ అంత కచ్చితంగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అందులో నేను మాత్రం ఎక్కడా లేను.

బృందం వచ్చింది. వ్యాను బయట షామియానా కింద కూర్చుని స్పీకర్లలో వింటోంది. సముద్రం ప్రశాంతంగా ఉంది. నీళ్ళలో ఎవరూ లేరు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి రోజు దొరకదనుకున్నాను.

"కంట్రోల్, వంతెన మీద లారీ అడ్డముంది. తీయించమని పోలీసులకి చెప్పండి. ఓవర్," అన్నారు లాజరు గారు.

నేను బటన్ నొక్కాను. "విన్నాను. పోలీసులకి మీరే చెప్పండి. ఓవర్."

సెట్టు గరగరమంది.

"అదేంటి మేడం? మా సెట్లో వాళ్ళు రారు కదా. ఓవర్."

ఆ మాట స్పీకర్లోంచి షామియానా మొత్తానికి వినపడింది. సెట్లు మూడూ బల్ల మీద పెట్టేశాను. లారీ వంతెన మీదే ఉంది. ఫైరింజను దాని వెనకే ఉంది. ఒడ్డున గస్తీ పడవ ఎవరు పిలుస్తారా అని ఊగుతోంది. దూరంగా సి.ఐ. గారు చెయ్యి ఊపడం కనిపించింది. ఎవరికో, ఎందుకో ఎవరికీ తెలియలేదు.

పల్లంరాజు గారు నవ్వుతూ బృందం వైపు తిరిగారు. "మా ఎస్.ఐ. గారికి ఒంట్లో బాగోలేదండి. ఆడవాళ్ళు కదా."

"బాగానే ఉన్నానండి," అన్నాను వ్యాను దిగుతూ.

మర్నాడే మెమో వచ్చింది, ఆయన సంతకంతో. 'మాక్ డ్రిల్ సమయంలో మీరు సందేశాలు అందించడానికి నిరాకరించినందువల్ల పోలీసు, అగ్నిమాపక, తీర గస్తీ శాఖల మధ్య సంబంధాలు పూర్తిగా తెగిపోయాయి. మీపై చర్య ఎందుకు తీసుకోరాదో వివరణ ఇవ్వగలరు.'

సాయంత్రం భోజనాల బల్ల మీదే వివరణ రాయడానికి కూర్చున్నాను. అటు మావయ్యగారు, ఇటు మా ఆయన. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, "ఎందుకు తెచ్చుకున్నావమ్మా ఇదంతా," అంటున్నారు.

"అమ్మాయ్, వాణ్ణి ఎవరైనా పెద్దవాళ్ళని కలవమను," అన్నారు మావయ్యగారు.

"దుర్గా, ఆయనకి తెలిసినవాళ్ళే ఉన్నారు కదా, ఒక ఫోన్ చెయ్యమను," అన్నారు మా ఆయన.

ఇద్దరూ ఆగి నా వైపు చూశారు. నేను రాస్తున్నాను. కాసేపు చూసి, మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. మా ఆయన కుర్చీలో కదిలారు. నేను తలెత్తలేదు.

మెమోని రెండోసారి చదివినప్పుడే నాకు అసలు విషయం తట్టింది. ఇన్ని వారాలు నేను తిరిగి తిరిగి నిరూపించాలనుకున్న సంగతి పల్లంరాజు గారే నా మీద కోపంలో రాసిచ్చేశారు. వివరణ మూడు వాక్యాల్లో ముగించాను: 'నేను ఒక్కదాన్ని ఆగితే మూడు శాఖల మధ్య మాట పూర్తిగా తెగిపోతుందని డి.ఎస్.పి. గారు రాతపూర్వకంగా ధ్రువీకరించారు. నా మ్యాపు చెప్పేదీ అదే. వారి మెమోని దానికి జతచేసి రాష్ట్ర బృందానికి పంపుతున్నాను.'

సంతకం పెట్టాను. ఒక్క ముల్లూ తీయకుండా, ఒకళ్ళ మాటని వాళ్ళ మాటగానే, మొదటిసారి చేరవేశాను.