రెండు వేళ్ల గుడ్డ

కామారెడ్డిల బస్సు దిగి, నేను పనిచేసే కోచింగ్ సెంటరుకు పోయే తొవ్వల ఒక చెప్పుల దుకాణం ఉంటది. దాని మీది అంతస్తుకు చిన్న బోర్డు. "పేరుగల్ల అంగీలు. మొగోళ్లకు మాత్రమే." నాలుగు నెలలు ఆ బోర్డు కింద నుంచే నడిచిన. పేరుగల్ల అంగి అంటే ఏందో అర్థం కాలే. పెద్ద కంపెనీవేమో అనుకుంటే, అద్దాల తలుపు లేదు, బయట బొమ్మలు లేవు. ఇనుప మెట్లు, మెట్ల పక్కన ఆరేసిన తువ్వాల, అంతే.

నాకు ఆ బోర్డు మీద అంత ధ్యాస ఎందుకంటే మా బాపు దర్జీ. పేరు రాజలింగు. ఎల్లారెడ్డిల మా ఇంటి ముందర అర్రలనే ఆయన మిషిని ముప్పై ఏండ్ల సంది నడుస్తున్నది. నడుస్తున్నది అంటున్న గని, రెండేండ్ల నుంచి దాని మీద పాయింట్లు పొట్టిగ చేసుడు, బడి సంచులకు జిప్పులు ఏసుడే. అంగి గుడ్డ తెచ్చి కొలతలిచ్చేటోళ్లు లేరు. దసర దాటినంక రైస్ మిల్లుల వాచ్‌మన్ పనికి వస్తనని మిల్లు గుమాస్తా హరీష్ సారుకు మాటిచ్చిండు. మిషిని అమ్ముతనన్నడు. ఎందుకంటే "కండ్లు ఆనుతలేవు" అన్నడు. కండ్లు మంచిగనే ఉన్నయి. పని లేకుంట మిషిని ముందట కూసునుడు ఆయనకు నామోషి అయితున్నది. అది నాకు ఎరుకే. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. ఏదన్న చెయ్యాలె అనుకునుడే గని, ఏం చెయ్యాల్నో తెల్వకపోయేది.

ఒక శనివారం సెంటరు మధ్యాన్నమే మూసిండ్రు. మెట్లెక్కిన.

లోపల ముప్పై అయిదేండ్ల ఆయన మెడల టేపు ఏసుకొని నిలవడి ఉన్నడు. పేరు శైలేందర్ అని తర్వాత చెప్పిండు. సదాశివనగర్ ఆయనది.

"తమ్మునికా, బాపుకా?" అని అడిగిండు.

"ఎవ్వలికి కాదన్నా. ఊకెనే చూద్దామని."

"చూడు చెల్లె. చూసుడుకు బిల్లు లేదు."

గది మా ముందరర్ర కంటె కొంచెం పెద్దగుంటది. అడ్డంగ కట్టిన వెదురు బొంగుకు ముప్పై దాక అంగీలు. ఏ రెండూ ఒక్క తీరుగ లేవు. ఒకదానికి గుండీలే లేవు, పక్కకు కట్టుకునే నాడెలున్నయి. ఇంకోదానికి మోచేతుల కాడ రెండు పొరల గుడ్డ. ఇంకోదానికి జేబుల జేబు. కాలరు వెనుక, కంపెనీ చీటీ ఉండే కాడ, దారంతోని పేరు కుట్టి ఉంది. నాడెల అంగికి "అబ్రాహాము, మద్నూర్". జేబుల జేబుదానికి "నితీష్, పోచారం". ఒక్కొక్కటే వెనుకకు తిప్పుకుంట అన్ని పేర్లు చదివిన. కొట్టుల బట్టలు చూస్తున్నట్టు అనిపియ్యలే, ఎవలింటికో పోయి మనుషులను పలకరిస్తున్నట్టే ఉండె.

"వీళ్లందరు దర్జీలేనా అన్నా?"

"దర్జీలే. హైదరాబాదోళ్లు డిజైనర్లు అంటరు. ఎట్లన్న పిలువనీ. ఒక్కొక్కరికి ఒక చెయ్యి ఉంటది చెల్లె. పేరు చూడకున్నా ఇది ఫలానాయన కుట్టింది అని తెలుస్తది. అసొంటోళ్లయే పెడత నేను."

"మా బాపు గూడ కుట్టుతడు."

"ఆయన చెయ్యి ఏంది మరి?"

ఆ మిషిని పక్కనే కూసొని పదో తరగతి దాక చదివిన. ఒక్కసారి గూడ ఆ సంగతి ఆలోచన చెయ్యలే.

శైలేందర్ నవ్విండు. "ఒక అంగి కుట్టుకరమ్మను. నాకోసమని కొత్త తీరు చెయ్యద్దు. మీ ఊరోనికి ఎట్ల కుట్టుతడో అట్లనే. నచ్చితే పెడత, లేకుంటె లేదు. మొగమాటం ఉండదు నా కాడ."

ఇంటికచ్చి చెప్తే బాపు నన్ను ఎగాదిగ చూసిండు.

"కుట్టినోని పేరు మెడకాడ రాస్తరా? ఏసుకున్నోడు ఊకుంటడా? ఇగ చెప్పులు కుట్టినోడు చెప్పు మీద, తల గొరిగినోడు గుండు మీద రాయాలె."

అవ్వ పొయ్యికాడ నుంచే అందుకున్నది. "పేరు సంగతి తర్వాత. మొదలు కుట్టు. నీ మిషిని సప్పుడు ఇనక చాన దినాలాయె."

ఆదివారం పొద్దుగాల బాపు బీరువ మీదికెళ్లి ఒక గుడ్డ తీసిండు. తెల్లదాని మీద సన్నటి నీలి గీతలు. రెండు దినాలు పట్టింది. జేబు మీది గీతలు ఛాతీ మీది గీతలతోని ఎంత కలిసినయంటే, జేబు ఏడుందో వేలితో దేవులాడుకున్న. కాజాలు చేతితోనే కుట్టిండు.

ఇస్త్రి చేద్దామని తిరగేసిన. లోపల రెండు పక్కల, సంక కాడికెళ్లి కింది దాక, రెండు వేళ్ల ఎడల్పు గుడ్డ వదిలిపెట్టి ఉంది. దాన్ని మడిచి చేతి కుట్లు ఏసిండు. ఆయన ఎవ్వలికి కుట్టినా అట్లనే వదులుతడు, చిన్నప్పటి సంది చూస్తున్న. నాకది మోటుగ కనవడ్డది. పెద్ద కొట్లల్ల అంగీలు లోపల సన్నగ, అంచు ఊడకుంట ఓవర్‌లాక్ దారం పట్టి, ఎంత నీటుగుంటయి! శైలేందరన్న చూస్తే పల్లెటూరి పని అంటడని భయపడ్డ. చదువుకున్నదాన్ని, గివి నాకు తెలుసనుకున్న.

మంగళవారం పొద్దుగాల బాపు తానం చేస్తుంటె, ఎనుక గల్లీల జాకెట్లు కుట్టే మానసక్క దగ్గరికి ఉరికిన. ఆ గుడ్డ కత్తెరతోని కోపిచ్చి, ఓవర్‌లాక్ పట్టిచ్చుకొచ్చిన. బాపుకు చెప్పలే.

బస్సు కాడికి పోయేసరికి ఆయన గూడ తయారై నిలవడ్డడు.

"గుండీలు కొనేదుంది కామారెడ్డిల" అన్నడు. వాచ్‌మన్ పనికి పోయేటాయనకు గుండీలెందుకని నేను అడగలే.

మెట్ల దాక వచ్చి ఆగిండు. "నేనెందుకు? చదువుకున్నదానివి, నువ్వు మాట్లాడు. నేను గా చాయ హోటల్ల కూసుంట."

శైలేందర్ నా చేతుల నుంచి అంగి తీసుకొని జేబును చూసిండు. "అబ్బ" అన్నడు. నా పాణం లేసొచ్చింది. గంతల్నే అంగి తిరగేసిండు. కిటికి కాడికి తీసుకపోయిండు. పక్క కుట్టు మీద వేలు పెట్టి పైకెళ్లి కిందికి గుంజుకుంట వచ్చి, కింది అంచు కాడ ఆగిండు.

"చెల్లె, ఇది ఇద్దరు చేసిండ్రు."

"లేదన్నా, మా బాపే..."

"గిటు చూడు." అంచు మడతను గోటితో కొంచెం విప్పిండు. ఆ మడతల, కత్తెర అందని కాడ, రెండు వేళ్ల గుడ్డ ఇంక అట్లనే ఉంది. "గిక్కడ ఇంత గుడ్డ. ఒక్క ఇంచు పైకి పోతె లేదు. ఎవరో కోసిండ్రు."

"నేనే కోపిచ్చిన. మంచిగ కనవడాలెనని."

అంగి మడత పెట్టి నా చేతిల పెట్టిండు. "ఇది ఇప్పుడు మీ బాపు అంగి కాదు. దీని మీద ఆయన పేరెట్ల కుట్టాలె?"

"బాపు కిందనే ఉన్నడన్నా."

"పిలువు మరి."

ఆ మెట్లు దిగుడు అంత కష్టమైతదని అనుకోలే. చాయ హోటల్ల బాపు సాసర్ల పోసుకొని ఊదుతున్నడు.

"ఒప్పుకున్నడా?"

"లే బాపు. నువ్వొదిలిన గుడ్డ నేను కోపిచ్చిన. అంగి నేనే ఖరాబు చేసిన."

ఆయన సాసరు కింద పెట్టిండు. లేసి, రోడ్డు దాటి, మెట్లెక్కిండు. నేను ఎనుకనే పోయిన.

లోపల అంగి తీసుకొని పక్క కుట్టు మీద బొటనేలు నడిపిండు. "ఓవర్‌లాక్ ఎవలు పట్టిచ్చిండ్రు?"

"మానసక్క."

"దారం పలుచగుంది" అన్నడు. తిట్టినా బాగుండు అనిపిచ్చింది.

శైలేందర్ కుర్చీ జరిపిండు. "కూసో కాకా. అంత గుడ్డ ఎందుకు వదులుతవో చెప్పు. ఇప్పుడు ఎవ్వలు వదులుతలేరు."

బాపు కూసోలే. తను ఏసుకున్న మట్టిరంగు అంగి గుండీలు విప్పుడు మొదలువెట్టిండు.

"బాపూ!" అన్న నేను.

"ఆగు బిడ్డా." బనీను మీదనే నిలవడి, ఆ అంగిని తిరగేసి బల్ల మీద పరిచిండు. పక్కల రెండు వేళ్ల గుడ్డ మీద సన్న సన్న సూది రంధ్రాల వరుసలున్నయి. వరుసల నడుమ రంగు ఒక్కో కాడ ఒక్కో తీరుగ ఉంది.

"ఇది మా బామ్మర్ది బీరయ్య దుబాయి పోయెటప్పుడు కుట్టిన. బక్కగుండె. ఇగో, మొదటి కుట్టు. రెండేండ్లకు ఇంత పొట్ట ఏసుకొనొచ్చిండు. ఇగో, ఇప్పి బయటికి జరిపిన. మల్ల పోయిండు. షుగరొచ్చి సగమై తిరిగొచ్చిండు. ఇది లోపలికి. ఇగ నాకొద్దు బావా అని నాకే ఇచ్చిండు. ఈ నాలుగోది నా కొలత. పదిహేడేండ్ల అంగి ఇది. గుడ్డ ఊకూకె కొనలేరు సార్. మనిషి మారుతనే ఉంటడు. మారినప్పుడల్ల నా కాడికే తెస్తడు. గిరాకీ ఎటు పోతడు?"

నేను ఆ అంగిని వందసార్లు ఉతికి ఆరేసిన. ఆ వరుసలను ఎన్నడు సూడలే.

శైలేందర్ అంగిని కిటికికి అడ్డం పట్టుకొని చాన సేపు చూసిండు. ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి, మల్ల మొదటికెళ్లి చూసిండు.

"కాకా, నా కాడ కొన్న పెండ్లికొడుకులు ఏడాది తిరగక ముందే గుండీలు పడుతలేవని ఫోన్లు చేస్తున్నరు."

"అత్తగారింటి కూడు" అన్నడు బాపు.

శైలేందర్ పగలవడి నవ్విండు. "నాలుగు కుట్టుకరా కాకా. నాలుగు సైజులల్ల."

"సైజులు నాకు తెల్వది. మనిషిని చూపెట్టు."

"మరి మొదలు నాకే కుట్టు."

బాపు ముందుకు పోయి ఆయన మెడలనుంచి టేపు గుంజుకున్నడు. బనీను మీదనే ఆయన చుట్టూ తిరుక్కుంట భుజాలు, ఛాతీ కొలిచిండు. "రాసుకో బిడ్డా" అన్నడు నాతోని. చాయ హోటల్ల నుంచి అప్పటి దాక నా మొకం చూడలేదాయన. బిల్లు పుస్తకం వెనుక రాసుకున్న. నడుము కాడికొచ్చేసరికి శైలేందర్ గాలి బిగపట్టిండు.

"పొట్ట లోపలికి గుంజకు సార్. గుంజినా నాకు తెలుస్తది."

బాపు అంగి ఏసుకొని పోయెటప్పుడు శైలేందర్ అడిగిండు. "పేరు ఏమని కుట్టిచ్చాలె?"

"రాజలింగు, ఎల్లారెడ్డి." అడుగుడే ఆలస్యం అన్నట్టు చెప్పిండు. మల్ల, "మెడకాడ వద్దు. లోపల, ఆ గుడ్డ మీద కుట్టుండ్రి. రేపు ఇంకో దర్జీ విప్పితే చూస్తడు" అన్నడు.

బస్సుల కిటికి పక్కన కూసొని, నేను కోపిచ్చిన అంగిని ఒళ్లె పెట్టుకున్నడు. లింగంపేట దాటినంక నాకు ఫోను ఇచ్చిండు.

"మిల్లు హరీష్ సారుకు కలిపి, రానని చెప్పు."

కలిపి, మోగుతుండంగనే ఫోను ఆయన చేతుల్నే పెట్టిన. "నువ్వే చెప్పు బాపు."

ఫోను చెవికి పెట్టుకున్నడు. "సార్, రాజలింగును. దసర తర్వాత వస్తనన్న గద... వస్తలేను. పనుంది." అవుతల హరీష్ సారు ఏమన్నడో నాకు ఇనరాలే. బాపు మాత్రం ఒళ్లె అంగి మీది నీలి గీతలు చూసుకుంట, "లేదు సార్, కండ్లు మంచిగనే ఉన్నయి" అన్నడు.